ఆర్విడ్ బండి స్టార్ట్ కాకూడదు

ఆర్విడ్ టోలెఫ్సన్ మా ఊళ్లో నలభై మూడేళ్లు బండ్లు బాగుచేశాడు. అందులో ఇరవై ఆరేళ్లు నేను ఆయన షెడ్డులోనే పనిచేశాను. ఆడదాన్ని పనిలో పెట్టుకున్నాడని గోధుమ గోదాము దగ్గర మగాళ్లంతా నవ్వితే, "మీ బండి ఆగినప్పుడు కూడా ఇలాగే నవ్వుతూ తోసుకుపోండి" అన్నాడట. ఈ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఆయన భార్య లూయెల్లా చెప్పింది.

స్టార్ట్ కాని పాత డీజిల్ బండి వస్తే ఆయనకి పండగే. నార్త్ డకోటా చలికి అలాంటివి వారానికి నాలుగు వచ్చేవి. వేరే షెడ్డుల వాళ్లు చూడగానే ఇంజన్ని తిప్పే స్టార్టర్ కొత్తది బిగించి పంపేసేవారు. అది చూస్తే ఆర్విడ్‌కి ఒళ్లు మండేది, నాతో అనేవాడు:

"కొత్తది వేయడం ఎవడికైనా చేతనవుతుంది. ముందు బండిని అడగవే, మావిస్! టకటకా కొట్టుకుంటుంటే బ్యాటరీ చూడు. ఒక్క టిక్కుమని ఊరుకుంటే స్టార్టర్ చూడు. అసలు చప్పుడే లేదనుకో, తాళం చెప్పిన మాట స్టార్టర్ దాకా పోలేదన్నమాట. దారిలో ఎక్కడ ఆగిందో వెతుక్కో."

ఆయన సొంత బండి ఎనభై తొమ్మిది నాటి ఆకుపచ్చ డీజిల్ పికప్. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

డెబ్భై ఏడో ఏట ఆయనకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. డాక్టరు డ్రైవింగ్ లైసెన్సు రద్దు చేయించాడు. ఆ సంగతీ ఆయన మరిచిపోయాడు. మార్చి చివర్లో, ఇంకా మంచు కరగకముందే, పొద్దున్నే బండేసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ముప్ఫై ఎనిమిది మైళ్ల అవతల, ఎవరిదో బీట్ దుంపల పొలం దగ్గర దొరికాడు. ఒంటి మీద కోటు లేదు. "మా నాన్న దుంపలు ఎత్తుతున్నాడు, అయిపోగానే వస్తాం" అన్నాడట పోలీసుతో. వాళ్ల నాన్న పోయి యాభై ఏళ్లు.

లూయెల్లా తాళాలు దాచింది. పది నిమిషాల్లో తాళం లేకుండానే స్టార్ట్ చేశాడు. ఆ విద్య ఆయనకి రాదా! బండి అమ్మేద్దామని ఎవరినో తీసుకొస్తే వాకిట్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. చివరికి లూయెల్లా నా దగ్గరికొచ్చింది.

"అది స్టార్ట్ కాకుండా చేసిపెట్టు, మావిస్. వాకిట్లో కనబడాలి, కదలకూడదు. అంతే. ఇంకోసారి పోతే నాకు శవమే దొరుకుతుంది."

ఆయన భోంచేసి పడుకున్నప్పుడు వెళ్లి, స్టార్టర్‌కి వచ్చే చిన్న వైరు పీకి, కొసకి టేపు చుట్టి, కనబడకుండా పైకి దోపాను. అయిదు నిమిషాల పని. దొంగలా చప్పుడు చేయకుండా వచ్చేశాను.

రెండు రోజులకి ఫోనొచ్చింది. "మావిస్, నా బండి చప్పుడు చేయట్లేదు. మీటరు పట్టుకునిరా."

వెళ్లాను. సగంలో వదిలేస్తాడులే అనుకున్నాను, నా బుద్ధి గడ్డి తిని! పొద్దున ఏం తిన్నాడో ఆయనకి గుర్తులేదు. నా మొగుడు నన్నొదిలేసి పన్నెండేళ్లయినా వాడెలా ఉన్నాడని అడిగాడు. కానీ ఆ చేతులు ఏదీ మరిచిపోలేదు.

"లైట్లు వెయ్యి." బాగానే వెలిగాయి. "తాళం తిప్పు." చప్పుడు లేదు.

"స్టార్టర్ పోయుంటుంది, ఆర్విడ్. పాతదైపోయింది కదా" అన్నాను.

"నోర్ముయ్. టిక్కు కూడా లేందే స్టార్టర్ పోయిందని ఎవడు చెప్పాడే నీకు? నేనైతే చెప్పలేదు."

రెండు బ్యాటరీలూ మీటరుతో కొలిచాడు, పన్నెండున్నర వోల్టుల పైనే ఉన్నాయి. వాటి టెర్మినళ్లు గీకి శుభ్రం చేశాడు. క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్చు చూశాడు, బాగుంది. తర్వాత కంకర మీద అట్టముక్క పరుచుకుని బండి కిందకి దూరాడు.

"మావిస్, ఇలా రా."

నేనూ పక్కన దూరాను. వైరు ఆయన చేతిలో ఉంది. ఆ రోజు చుట్టినప్పుడు టేపు కొసని కొంచెం వెనక్కి మడిచి అంటించాను, తర్వాత విప్పేవాడి గోటికి దొరికేలా. మా జిల్లా మొత్తంలో ఆ పని మా షెడ్డులోనే చేస్తాం. ఆయనే నేర్పాడు నాకు. ఆలోచించకుండానే చేసేశాను.

"ఇది నీ పనే" అన్నాడు. అవునన్నాను.

"లూ అడిగిందా?"

తలూపాను.

"నేనేం చేశాను?"

చెప్పాను. దుంపల పొలం, కోటు, వాళ్ల నాన్న, అన్నీ. ఎవరో పరాయివాడి సంగతి వింటున్నట్టు విన్నాడు.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు."

అలాగే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ల పక్కల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. "నాకు చెప్పుంటే నేనే పీకేవాణ్ణి కదే" అన్నాడు. తనే టేపు మళ్లీ చుట్టి, వైరు పైకి దోపి, బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డ భార్యతో, "స్టార్టర్ పోయింది, లూ. ఇక దాన్నలా వదిలెయ్" అన్నాడు.

అంతటితో అయిపోయుంటే ఈ కథ నేను ఊరంతా గొప్పగా చెప్పుకునేదాన్ని. శుక్రవారం మళ్లీ ఫోను. "మావిస్, నా బండి చప్పుడు చేయట్లేదు. మీటరు పట్టుకునిరా."

మళ్లీ లైట్లు, బ్యాటరీలు, క్లచ్, అట్టముక్క. మళ్లీ అదే వైరు. మళ్లీ "నేనేం చేశాను?" అదే ముఖం, అదే దెబ్బ, ఆయనకది సరికొత్త దెబ్బ. మూడోసారి మంచిమాట కూడా రాలేదు. బండి కిందే గుండెలవిసేలా ఏడ్చాడు. "యాభై మూడేళ్లు కాపురం చేసి, నాకు చెప్పకుండానా! నువ్వు కూడానా!" అన్నాడు. లోపల లూయెల్లా వంటింటి సింకు అంచు పట్టుకుని నిలబడిపోయింది. నాలుగోసారి ఆయన్ని అలా చూడడం నావల్ల కాదు.

ఆదివారం వాళ్లు చర్చికి వెళ్లినప్పుడు, పాత ఇనుప సామాను కొట్టులో ఏరి తెచ్చిన మాడిపోయిన స్టార్టర్ బిగించాను. మంచిది తీసి నా ఇంట్లో పెట్టుకున్నాను. చిన్న వైరుని మళ్లీ దాని చోట తగిలించేశాను. వెతికితే ఇక నిజమైన రోగమే దొరకాలి.

మళ్లీ పిలిచాడు. ఈసారి తాళం తిప్పితే టిక్కుమంది. ఆర్విడ్ ముఖం వెలిగిపోయింది. వరసగా అన్నీ చూసి కిందకి దూరి, మీటరు పెట్టాడు.

"కరెంటు గుమ్మం దాకా వచ్చి పిలుస్తోంది, లోపల మనిషి లేడు. స్టార్టర్ చచ్చింది! ఆర్డర్ పెట్టు."

"పది రోజులు పడుతుంది, ఆర్విడ్."

"పాత బండి కదా, పడుతుందిలే. నన్ను పిలిచి మంచిపని చేశావు. లేకపోతే బంగారంలాంటి బ్యాటరీలు పారేసేదానివి." పిలిచింది తనేనన్న సంగతి అప్పటికే పోయింది. వంటింట్లో కూర్చుని రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన తీపి రొట్టె రెండు ముక్కలు తిని, నేను చేసిన పాత తప్పులన్నీ తవ్వి నన్ను ఏడిపించాడు. "బండి బాగయ్యాక నిన్ను సరస్సు దగ్గరికి తీసుకెళ్తా" అన్నాడు భార్యతో. "సరే" అంది లూయెల్లా.

వేసవి అంతా వారంవారం వెళ్లాను. ఆ పది రోజులు ఎప్పటికీ తీరలేదు. ఏ బండికీ అబద్ధపు రోగం అంటగట్టకూడదని నేర్పినవాడికే నేను అంటగట్టాను. అయినా ఆయన నవ్వుతుంటే, పోనీలే అనుకున్నాను.

అక్టోబరులో ఫోన్లు ఆగిపోయాయి. రెండు వారాలు చూసి నేనే వెళ్లాను. ఆర్విడ్ బండి పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మీటరు ఆయన చేతిలో పెట్టాను. ఇటూ అటూ తిప్పి చూశాడు. మా ఊరివాళ్లు కొత్తవాళ్లతో మాట్లాడేంత మర్యాదగా అడిగాడు.

"చాలా బాగుందండీ. దీంతో ఏం చేస్తారు?"

మర్నాడు మాడిపోయింది తీసేసి, మంచి స్టార్టర్ తిరిగి బిగించాను. ఇక మోసం చేయడానికి ఎవరూ మిగల్లేదు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది, వాకిలంతా దద్దరిల్లేలా. వంటింట్లో ఆర్విడ్‌కి చెంచాతో తినిపిస్తున్న లూయెల్లా కిటికీలోంచి నా వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆర్విడ్ తల తిప్పలేదు. ఆగిపోయిన చెంచా కోసం నోరు తెరుచుకుని కూర్చున్నాడు.