ట్రంపెట్ నిలవని నోరు

ఒబ్దూలియాకు మూడేళ్లప్పుడు వాళ్లమ్మ చనిపోయింది. వానాకాలంలో కొండచరియ విరిగి మొక్కజొన్న చేను మీద పడితే, కలుపు తీస్తున్న మనిషి మట్టి కిందే ఊపిరి వదిలింది. వహాకా కొండల్లో మా ఊళ్లన్నిటికీ సొంత బ్యాండు ఉంటుంది. ఆమె భర్త సెవెరో మా బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. భార్య శవపేటిక వెనక నడుస్తూ ఆయనే వాయించాడు. పక్కింటిదాన్ని కదా, పిల్ల నా చంకలో ఉంది. శ్మశానం దాకా అది ఏడవలేదు. కుడిచేతి బొటనవేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ ఉండిపోయింది. అంతకుముందు దానికి ఆ అలవాటు లేదు.

ఇల్లు చూసుకోవడానికి సెవెరో చెల్లెలు హసింతా వచ్చింది. "నాలుగేళ్లొస్తే అదే మానేస్తుందిలే" అనేది మొదట్లో. మానలేదు. నిద్రలోనూ, పొయ్యి దగ్గరా, చర్చిలో ప్రార్థన జరుగుతున్నా నోట్లో వేలే. నాని నాని ఆ వేలు పాలిపోయింది, కణుపు మీద కాయ కాసింది. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వేళకు హసింతాకు ఓపిక నశించింది. ఎండు మిరపకాయలు నూరి వేలికి పూసింది. పిల్ల మంట ఓర్చుకుని చప్పరించింది. తర్వాత అదే చేత్తో కళ్లు నులుముకుంది. అరుపులు విని నేను పరిగెత్తేసరికి సెవెరో కూతురి కళ్లలో నీళ్లు కొడుతున్నాడు.

"నీకేమన్నా మతి పోయిందా హసింతా?"

"రేపు దాని మొహం చూసి ఊరంతా నవ్వితే అప్పుడు తెలుస్తుంది నీకు. పళ్లు ఎలా బయటికొస్తున్నాయో చూశావా?"

"తల్లి లేని పిల్ల. దానికున్న తోడు ఆ వేలొక్కటే. దాని జోలికి పోకు."

ఆ తర్వాత ఎవరూ పోలేదు.

ఎనిమిదేళ్లప్పుడు ఆరోగ్య కేంద్రానికొచ్చిన పళ్ల డాక్టరమ్మ దాని నోరు తెరిపించి చూసింది. "అంగిలి ఇరుకైపోయింది. పై పళ్లు ముందుకొచ్చాయి, కిందివి లోపలికి పోయాయి. కొత్త పళ్లు రాకముందే మాన్పించి ఉంటే చాలావరకు వాటంతటవే సర్దుకునేవి. ఇప్పుడు ముందు వేలు మానాలి, ఆపైన పట్నంలో తీగలు కట్టించాలి. కొన్నేళ్లపాటు నెలనెలా తీసుకురావాలి" అంది. సెవెరో ఒకసారి తీసుకెళ్లాడు. ఆ యేటి వానలకు రోడ్డు కొట్టుకుపోయింది. రోడ్డు బాగయ్యేసరికి కోతలొచ్చాయి. మళ్లీ వెళ్లలేదు.

ముందు పళ్లు ఒకదానికొకటి ఆనవు కాబట్టి పిల్ల రొట్టె కొరకలేకపోయేది. చేత్తో తుంచుకుని పక్క పళ్లతో నమిలేది. 'స' పలకబోతే నాలుక పళ్ల సందులోంచి బయటికొచ్చేది. "ఏయ్ కుందేలూ, మీ నాన్న పేరేంటే?" అని బడిలో పిల్లలు పదేపదే అడిగేవాళ్లు, ఆ పేరుకు దాని నోరు తిరగదని తెలిసి.

పది పన్నెండేళ్లొస్తే మా పిల్లల్ని బ్యాండు మాస్టారు దగ్గర కూర్చోబెడతాం. ఒబ్దూలియా తండ్రి వాయించే ట్రంపెట్టే కావాలంది. ఎవరూ చెప్పకుండానే ఆ యేడు వేలు మానేసింది. "బ్యాండులో ఉండి వేలు చీకితే ఏం బాగుంటుంది పెద్దమ్మా?" అంది నాతో.

వేలు మానినా పళ్లు వెనక్కి పోలేదు. ట్రంపెట్‌ను పెదవులకు ఆనించి నొక్కితే పై పెదవి లోపల పళ్ల అంచుకు తగిలి తెగేది. గాలి పక్కలనుంచి పోయేది. ఉప్పునీళ్లు పుక్కిలించి మళ్లీ కూర్చునేది. అలా రెండేళ్లు పట్టు వదల్లేదు. చివరికొక సాయంత్రం మాస్టారు సెవెరోను పిలిచాడు. మేమంతా అక్కడే ఉన్నాం.

"పిల్లకు చెవి ఉందయ్యా, నీకంటే మంచి చెవి. నోరే నిలవడం లేదు. పెద్ద డోలు ఇద్దాం."

"ఇంకొన్నాళ్లు చూడండి మాస్టారూ."

ఒబ్దూలియా ట్రంపెట్‌కు అంటిన రక్తం పావడా అంచుతో తుడిచి తండ్రి చేతికిచ్చింది. "డోలే వాయిస్తాను నాన్నా. ఆకలేస్తోంది, ఇంటికెళ్దాం పద."

ఆయన ట్రంపెట్‌ను సంచిలో పెట్టి కూతురి వెనకే నడిచాడు.

డోలు బాగానే వాయించింది. పెళ్లి మాటలు రెండుసార్లు వచ్చి ఆగిపోయాయి. ఎందుకాగాయో వాళ్లు చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. అలా ఇరవయ్యేళ్లు గడిచాక ఊపిరితిత్తులు పాడై సెవెరో మంచం పట్టాడు. నేను మొక్కజొన్న జావ తీసుకెళ్లిన పూట ఆయన కూతురి చేయి పట్టుకుని ఉన్నాడు.

"మీ అత్త చెప్పిందే నిజం తల్లీ. ఆ వేలు అప్పుడే నోట్లోంచి లాగేయాల్సింది. జాలిపడి నీ నోరు పాడుచేశాను."

ఒబ్దూలియా దుప్పటి సర్దింది. "అమ్మ పోయాక నువ్వు పొద్దున్నే చేనుకెళ్లిపోయేవాడివి. అత్తేమో తిట్టేది. ఆ వేలు కూడా లాగేసుంటే నేనేం చేసేదాన్ని నాన్నా?"

"ట్రంపెట్ వాయించేదానివి."

ఆమె లేచి, చల్లారిపోతోందంటూ నా చేతిలో జావ గిన్నె అందుకుంది. ఆ వారంలోనే ఆయన పోయాడు.

నిరుడు ఒబ్దూలియా రాళ్ల దారిలో జారి బోర్లా పడింది. ఎత్తుపళ్లు కావడంతో అవే ముందు నేలకు తగిలి ఒకటి సగానికి విరిగింది. పట్నం వెళ్లి కట్టించుకోమన్నాను.

"ఇప్పుడెవరి కోసం పెద్దమ్మా?" అంది.

వాచిన పెదవితోనే, మర్నాడు పక్క ఊరి తిరునాళ్లకు బ్యాండు బయల్దేరితే, డోలు వీపున వేసుకుని అందరికంటే ముందు లారీ ఎక్కింది.