గోపన్‌పల్లి దరువు

నైజాం చివరి రోజుల్లో, పెళ్లిళ్లలో వాయించాలని ఆరు నెలలు కష్టపడి డప్పుమీద కొత్త దరువు కట్టాను. నైజాం మీద తిరగబడ్డ మా సంఘం పెద్ద విన్నాడు.

"పోలీసులొస్తే గిదే కొట్టు. వాళ్లకు ఎరుక కాదు."

"గిది పెండ్లికి కట్టిన, అన్నా."

"పానాలకన్న పెండ్లి ఎక్కువనా?"

నేనూ సంఘం మనిషినే. ఏడాదిపాటు తోలు సడలకుండా డప్పును మంటకు కాచుకుంటూ, జీపు దుమ్ము కనబడగానే కొట్టాను. ఊరంతా చేలల్లోకి పరుగెత్తేది.

నైజాం పోయాక, పంతం పట్టి ఒక పెళ్లిలో అదే వాయించాను. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని లేచారు.

"జర ఆగుండ్రి! గిది మీకోసమే కట్టిన!" అని అరిచాను.

అందరికన్నా ముందు పెళ్లికూతురే పరుగెత్తింది.