మాటల్లేని మనిషితో నడక

కుందుర్పి దారిలో మా చేనూ, పక్కాయన చేనూ ఆనుకొని ఉంటాయి. ఇళ్లూ చేలల్లోనే. నేను బోరు వేయించి నీళ్లు పడగానే, ఆయన గట్టు పక్కనే ఇంకా లోతుకు వేయించాడు. నా నీళ్లు అటు పోయాయి. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. తర్వాత ఆయన బోరూ ఎండిపోయింది. కోపం మాత్రం ఎండలేదు.

నాకు షుగరు. కాలివేలు ఒకటి అప్పటికే తీసేశారు. నడిచి షుగరు తగ్గించుకోకపోతే పాదమే పోతుందన్నాడు డాక్టరు. నడకంటే నాకు ఒళ్లుమంట. మొదటి రోజు టీ అంగడి దాకా నడిచి, బోండాలు తిని, ఆటోలో ఇంటికొచ్చాను.

మరుసటి పొద్దున చూస్తే పక్కాయన నాకు ముందు నడుస్తున్నాడు. ఆయనకూ షుగరేనట. ఉన్నది ఒకే రోడ్డు. వెనక్కి తిరిగితే పరువు తక్కువ. ఆయన ఆగేదాకా ఆగకూడదనుకున్నాను. ఆయనా అదే అనుకున్నట్టున్నాడు. గాలిమర దాకా పోయి ఇద్దరం రొప్పుతూ నిలబడ్డాం.

రోజూ అదే వరస. ఒక వీధికుక్క కూడా మా వెంట పడింది. మా వైపు మాటల్లేని వాళ్లు మూడో మనిషికి చెప్తున్నట్టు మాట్లాడుకుంటారు. మాకు కుక్క దొరికింది.

"ఏమప్పా కుక్కా, కొందరు ఈ పొద్దు ఈడ్చుకుంటా నడుస్తాండారే" అనేవాడు ఆయన.

"కొందరు నిన్న పెండ్లిలో లడ్లు మింగినారంట, నిజమేనా అడుగు" అనేవాణ్ణి నేను.

పాపం, కుక్క ఇద్దరి మొహాలూ చూసేది. నా షుగరు దిగింది. మందు బాగా పనిచేసిందన్నాడు డాక్టరు. మందు కాదు, పంతం.

ఒక పొద్దున ఆయన రాలేదు. గెలిచానని కాసేపు సంబరపడ్డాను. ఒక్కణ్ణే బయల్దేరితే కాళ్లు టీ అంగడి ముందే ఆగిపోయాయి. నిజంగా భయమేసింది. తిరిగొచ్చి ఆయన గేటు ముందు నిలబడ్డాను. ఆయన జ్వరంతో దుప్పటి కప్పుకొని వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. కుక్క ఎక్కడా లేదు. ఎవరితో చెప్పాలో తెలియక ఇద్దరం దిక్కులు చూశాం.

చివరికి ఆయన గేటు పక్కనున్న ఎండిపోయిన బోరు గొట్టం వైపు తిరిగాడు.

"ఓ బోరా, ఆయప్పకు చెప్పు. జరమొచ్చింది నాకు, ఆయప్పకు కాదు. నడవకపోతే పాదం పోతాది, నడకకు పొమ్మను."

నా పాదం సంగతి ఆయనకు ఎవరు చెప్పారో. నా నీళ్లు తాగిన గొట్టం మీదికే వంగాను.

"ఒక్కణ్ణే అయితే బోండాల కాడనే ఆగిపోతానని చెప్పు. జరం తగ్గేదాకా ఈ గేటుకూ మా గేటుకూ తిరుగుతాంటా. ఆడే కూచ్చొని చూస్తా ఉండమను."

ఆయన లేచి, కుర్చీని గేటు దగ్గరికి జరుపుకున్నాడు.