కాటుక చుక్క మీద గంటసేపు

బొమ్మ వేసినవాళ్లు మాట్లాడకూడదు, మిగతావాళ్లే మాట్లాడాలి. నారాయణఖేడ్‌లో మా డిగ్రీ కాలేజీలో చిత్రకళ తరగతి మొదలైనప్పుడు నేను పెట్టిన మొదటి నియమం ఇది. హైదరాబాదులో నేను చదువుకున్న చోట ఇదే పద్ధతి. బొమ్మను గోడకు తగిలిస్తారు. వేసినవాడు ఓ మూల కూర్చుంటాడు. తక్కినవాళ్లంతా దాన్ని ఏ కీలుకా కీలు విరిచి చూపిస్తారు. అక్కడ నా బొమ్మలకు ఆ గతి పట్టినప్పుడల్లా బాత్రూములోకి వెళ్లి ఏడ్చేవాణ్ని. అయినా ఉద్యోగం రాగానే ఆ పద్ధతినే మోసుకొచ్చాను. తన అత్త పెట్టిన ఆరళ్లన్నీ గుర్తుపెట్టుకుని కోడలు రాగానే మొదలుపెట్టే అత్తగారికీ నాకూ పెద్ద తేడా లేదు.

మాకిచ్చిన గది అంతకుముందు బోటనీ వాళ్లది. బీరువా మీద సీసాల్లో రంగు వెలిసిన కాయలు ఇంకా నానుతూ ఉండేవి. నేను దాన్ని స్టూడియో అనేవాణ్ని. అటెండరు కాయల రూము అనేవాడు. పిల్లలు నా ముందు స్టూడియో అని, నేను అటు తిరగ్గానే కాయల రూము అనేవాళ్లు. డజను మంది ఉంటారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి షేర్ ఆటోల్లో వచ్చేవాళ్లు. రాతపరీక్ష లేని సబ్జెక్టు కదా అని చేరినవాళ్లే సగం మంది.

వారానికి ఒక వ్యాసం చదవాలని కూడా పెట్టాను. కళ గురించి ఇంగ్లీషులో ఉన్న వ్యాసాలను నేనే తెలుగు చేసి, జిరాక్స్ తీయించి పంచేవాణ్ని. ఆ తెలుగు ఎలా ఉండేదంటే, "ఖాళీ అనేది లేమి కాదు, ఉనికికి ముందరి ఊపిరి" అని ఒకచోట రాసుకుని ఆ రాత్రి సంతోషంతో నిద్రపోలేదు. మర్నాడు ఒక కుర్రాడు ఆ కాగితం తిప్పి తిప్పి చూసి అడిగాడు.

"సార్, గిది ఇంగ్లీషుల లేదా? ఇంగ్లీషులైతే జర సమజైతదేమో."

విమర్శ తరగతుల సంగతి ఇంకా ఘోరం. ఏ బొమ్మ పెట్టినా అందరూ "మంచిగుంది సార్" అనేవాళ్లు. తోటివాడి పనిని నలుగురిలో తప్పుపట్టడం మా వైపు మర్యాద కాదు. నాకది తెలియక కాదు. మాది పక్క మండలం మనూరు అవతల ఊరే. కానీ హైదరాబాదులో చదివొచ్చినవాడికి సొంత ఊరి మర్యాద వెనకబాటుతనంలా కనపడుతుంది. ఒకరోజు కోపమొచ్చి, ఈ గదిలో "మంచిగుంది" అనే మాట వాడకూడదన్నాను. తర్వాతి బొమ్మ పెట్టాం. చివరికి ఒకడు లేచాడు.

"మంచిగ లేదు సార్."

"శభాష్. ఎందుకు లేదు?"

"మంచిగుంది అనొద్దన్నరు గద సార్."

ఆ క్లాసులో నిజంగా బొమ్మల కోసమే చేరిన అమ్మాయి ఒకతి ఉండేది. మనూరు దారిలో ఒక ఊరు ఆమెది. తల్లి, తండ్రి ఇద్దరూ కూలికి పోతారు. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో చిత్రకళ చదవాలని ఆమె పట్టు. ఇంట్లో ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఒక్కసారి ప్రయత్నించాలి, సీటు వస్తే సరే, రాకపోతే పట్నంలో బట్టల దుకాణంలో పనికి కుదరాలి. దుకాణంవాళ్లతో మాట కూడా అయిపోయింది. సీటు కావాలంటే ఓ పది బొమ్మలు పంపాలి, అవి నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఆ బొమ్మలను తయారు చేయించాల్సిన బాధ్యత నాది. అంటే ఆ పిల్ల రెండేళ్ల చదువు నా నోటి మీద ఆధారపడి ఉంది. నా నోటి సంగతి ఇదీ.

ఆమె మొదటిసారి గోడకు తగిలించిన బొమ్మ బొగ్గుతో గీసింది. వాళ్లమ్మ గడపలో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. వంగిన మెడ, లేస్తున్న పొట్టు, వెనక సగం తెరిచిన తలుపు. చాటను పట్టుకున్న కుడిచేతికి రెండు వేళ్లు మాత్రం వంగకుండా నిటారుగా నిలబడి ఉన్నాయి. కాగితం పైమూలలో, దేనికీ సంబంధం లేకుండా, గుండ్రటి నల్లటి చుక్క ఒకటి.

నేను ముందు వేళ్లను పట్టుకున్నాను. "ఈ వేళ్లు చూడండి, అగ్గిపుల్లల్లా ఉన్నాయి. చెయ్యి గీయడం అందరికీ కష్టమే. రానప్పుడు దాచేయడం కూడా ఒక నేర్పు" అన్నాను. అలా ఒక్క నిమిషంలో చేతిని తేల్చేసి, చుక్క దగ్గరికొచ్చాను. అక్కడ ఆగిపోయాను. ఆ వారం మేం చదివిన వ్యాసం ఖాళీ జాగా గురించే మరి. ఆ చుక్క బొమ్మ మొత్తాన్ని తన వైపు ఎలా లాగుతోందో చెప్పాను. రోజువారీ పనిలో మునిగిన తల్లికీ, ఆమె ఎన్నడూ తలెత్తి చూడని ఆకాశానికీ మధ్య అది ఒక ప్రశ్న అన్నాను. అది సూర్యుడు కాకుండా పోయిన సూర్యుడు అన్నాను. గంట కొట్టినా ఆపలేదు. మధ్యలో ఆ అమ్మాయి చెయ్యెత్తింది. నేను నవ్వుతూ పెదాల మీద వేలుపెట్టి చూపించాను. నియమం నియమమే. ఆమె చెయ్యి దించేసింది. మిగతావాళ్లంతా నావైపు కళ్లార్పకుండా చూస్తున్నారు. ఇన్నాళ్లకు క్లాసు నా దారికొచ్చిందనుకున్నాను.

మరుసటి వారం మరో రెండు బొమ్మల్లో చుక్కలు వచ్చాయి. ఆపై వారం అందరి బొమ్మల్లోనూ. బస్ డిపో బొమ్మలో బస్సు మీద చుక్క, గేదె బొమ్మలో కొమ్ముల మధ్య చుక్క. ఒకడైతే చుక్క ఒక్కటే వేసి, కింద పేరు రాసి తెచ్చాడు. వాడికి అందరికంటే ఎక్కువ మార్కులు వేశాను. ఈ ప్రాంతంలో ఒక కొత్త శైలి పుడుతోందని నాకు గట్టిగా అనిపించింది. దాని మీద నాలుగు పేజీల వ్యాసం రాసి, ఆ నెల అందరిచేతా అదే చదివించాను. ప్రిన్సిపాల్‌కీ ఒక ప్రతి ఇచ్చాను. ఆయన దాని మీద టీ కప్పు పెట్టుకోవడం తర్వాత చూశాను.

ఆ అమ్మాయి మాత్రం చెప్పిన మాట బుద్ధిగా పాటించింది. తర్వాత ఆమె గీసిన ఆడవాళ్లలో ఎవరికీ చేతులు లేవు. ఒకామె చేతులు కొంగు కింద ఉంటాయి, ఒకామెవి బిందె వెనక, ఇంకొకామెవి పిండిలో మణికట్టు దాకా. నేను ప్రతి బొమ్మ వెనకా "పరిణతి" అని రాసి సంతకం పెట్టాను.

ఏడాది చివర బొమ్మలన్నీ గోడలకు పెట్టి అందరినీ పిలిచాం. పనులకు పోయే అమ్మానాన్నలు రావాలంటే ఆదివారమే వీలు. ఆ అమ్మాయి తల్లి చర్చి అవగానే నేరుగా వచ్చింది, చేతిలో బైబిల్ సంచితోనే. కాయల రూములో గోడ వెంట మెల్లగా నడుస్తూ ఒక్కో బొమ్మనూ చూసింది. ఒక చుట్టు తిరిగి వచ్చి నా ముందు ఆగింది.

"ఏం సారూ, గీ పోరగాండ్లందరి బొమ్మలకు దిష్టి తాకిందా ఏంది?"

నాకు అర్థం కాలేదు. "ఏమన్నారమ్మా?"

"గన్ని చుక్కలేంది మల్ల! నేనంటే మా బిడ్డ బొమ్మ మంచిగొచ్చింది, నలుగురు జూస్తరు, కండ్లు వడ్తయని మూలకు జరంత కాటుక వెట్టిన. గీ బర్రెకెవరు వెట్టిండ్రు?"

"అమ్మా, ఊకోరాదే" అని కూతురు తల్లి కొంగు లాగింది.

"నేనేమన్ననే? సారూ, మా పాస్టరయ్యకు చెప్పకుండ్రి. ప్రార్థన చేసుకునెటోళ్లకు గీ దిష్టి చుక్కలేందని అంటడు. దేవుడున్నడు, కాదంటలేను. గని మంది కండ్లు మంచియి కావు గద."

ఎవరో ఒకడు కిసుక్కున నవ్వాడు. తర్వాత గదంతా నవ్వింది. ఏడాదిపాటు బిగబట్టిన నవ్వు అది, ఒక పట్టాన ఆగలేదు. నేను పిల్లల వైపు తిరిగాను.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. చిన్న పోరగాండ్లకు గుడ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"మీరు గంత సంబురంగ చెప్తుంటిరి సార్. ఎందుకు పరేషాన్ చేసుడని."

పదో తరగతి పరీక్షకు పోయే రోజు వరకూ మా అమ్మ నా చెవి వెనక అదే చుక్క పెట్టి పంపేది. అది నా కళ్ల ముందుకొస్తే కాటుక కాక సూర్యుడైపోయింది.

నేనూ నవ్వబోయాను. అక్కడితో ఆగి ఉంటే బాగానే ఉండేది, ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే కథ అయ్యేది. కానీ ఆ తల్లి తన బొమ్మ దగ్గరికి వెళ్లి, "గిదే నేను వెట్టింది" అని చుక్కను చూపించింది. చూపించిన చెయ్యి కుడిచెయ్యి. రెండు వేళ్లు వంగడం లేదు. నిటారుగా ఉన్నాయి, బొమ్మలో ఉన్నట్టే. అడిగితే, జొన్న కోతల్లో కొడవలి పడి నరం తెగిందని, దవాఖానలో కుట్లు వేశారు గానీ వేళ్లు మాత్రం వంగలేదని మామూలుగా చెప్పింది. ఆ పక్కనే వరసగా కూతురు వేసిన చేతుల్లేని ఆడవాళ్లు. వాళ్ల వెనక నా సంతకాలు.

మర్నాడు క్లాసు అయ్యాక ఆ అమ్మాయిని ఆగమన్నాను. ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్నాను. అందులో మంచి మాటలు చాలా ఉన్నాయి. నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు.

"తప్పయింది బిడ్డా" అన్నాను. ఆ గదిలో నా నోటి నుంచి మా ఊరి మాట రావడం అదే మొదలు.

"నేను చెప్దామనే చెయ్యి లేపిన సార్" అంది. ఆగి, "మీరు గిట్ల వెట్టిండ్రు" అని పెదాల మీద వేలుపెట్టి చూపించింది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

"ఇప్పుడేం చేద్దాం?"

"బొమ్మలు పంపనీకి మూడు వారాలే ఉన్నది సార్. వీటిల్ల ఒక్కదానికి గుడ చేతుల్లేవు. మల్ల గీస్త."

"నేను పక్కనుండి..."

"మీరు జర సప్పుడు చేయకుండ కూసుంటరా సార్?"

కూర్చున్నాను. ఆ మూడు వారాలూ నా పని అదే. చెప్పడం తేలిక, చేయడం కాదు. ఆమె గీత తిప్పినప్పుడల్లా నా గొంతులోకి ఒక వాక్యం వచ్చేది. దగ్గి మింగేవాణ్ని. ఒకసారి ఆగలేక "ఆ నీడ కొంచెం..." అన్నాను. క్లాసు మొత్తం నావైపు తిరిగింది. నీళ్లు తాగొస్తానని బయటికి వెళ్లాను.

ఇంటి దగ్గర కూడా తల్లిని కూర్చోబెట్టి గీసేది. రొట్టె కొట్టే చెయ్యి, గడ్డిమోపు ముడేసే చెయ్యి, చర్చిలో వేళ్లు పెనవేసి జోడించిన చేతులు. అలా పెనవేస్తే ఆ రెండు వేళ్లూ రెండో చేతి మీదికి వంగవు, కొంచెం ఎడంగా ఉండిపోతాయి. ఆ ఎడాన్ని ఆమె గీసింది. నేనైతే కలిపేయమనేవాణ్ని.

"నాకు మొఖం లేదా ఏందే? ఊకె చేతులే గీస్తున్నవు" అని తల్లి విసుక్కుందట. అదొక్కటీ చెప్పి ఆ అమ్మాయి నవ్వింది. బొమ్మలన్నీ నేల మీద పరిచి ఏవి పంపాలో తనే ఎంచుకుంది. నేను గొప్పదనుకున్న ఒకదాన్ని పక్కన పెట్టేసింది. ఎందుకని అడిగాను. "అది మీకోసం గీసినట్టున్నది సార్" అంది.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. తెల్లారి బస్సుకు తల్లీ కూతుళ్లు బయల్దేరుతుంటే నేను బస్టాండుకు వెళ్లాను. పంపించి వచ్చేద్దామనే వెళ్లాను. బస్సెక్కి, వాళ్ల సీటు పక్కన నిలబడి, అక్కడ ఏం అడుగుతారో, దానికి ఏం చెప్పాలో, ఎక్కడ ఆపాలో చెప్పడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి కిటికీలోంచి బయటికి చూస్తోంది. తల్లి కాసేపు ఓపిక పట్టింది.

"సారూ, బస్సు కదుల్తుంది, దిగుండ్రి."

"ఒక్క మాటమ్మా..."

కండక్టర్ వచ్చాడు. "టికెట్ తీసుకుంటరా, దిగుతరా సార్? ఏదో ఒకటి జల్దీ చెప్పుండ్రి."

దిగాను.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. జోడించిన చేతుల బొమ్మ పెట్టుకుని, ఈ వేళ్లు ఎందుకిలా ఉన్నాయని అడిగారట. చెప్పడం మొదలుపెట్టిందట. వాళ్లు ఆపలేదట. కొన్నాళ్లకు రెండో జాబితాలో సీటు వచ్చింది.

కాలేజీలో స్టాఫ్ రూముకు ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి, అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఏం నేర్పినవయ్యా ఆ పిల్లకు?"

"ఏమీ నేర్పలేదు సార్. కూర్చున్నానంతే" అన్నాను.

అది అక్షరాలా నిజం. ఆయన మిగతావాళ్ల వైపు తిరిగి, "చూసిండ్రా, గిదీ వినయమంటే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాదు సార్, అసలు జరిగింది ఇదీ అని మొదలుపెడదామనుకున్నాను. ఇంతలో నా కోసం ప్రత్యేకంగా చెప్పిన అల్లం చాయ్ వచ్చింది. తాగాను. చాలా బాగుంది.