మంచం పట్టెను మింగిన పరిశోధన

“నీ పొయ్యి మొద్దులకు మొద్దులు మింగుతదక్కా. ఊళ్లె చెట్లన్ని కొట్టినా దాని కడుపు నిండది.”

“మింగితె నా మొద్దులు మింగుతది. నీ పెరట్ల పుల్లనన్న ముట్టిందా?”

“పొగకు నీ కండ్లెట్లయినయో సూసుకున్నవా? నా ఇంటికొచ్చి సూడు. గొట్టం పెట్టించుకున్న. ఇల్లు కడిగిన ముత్యం లెక్కున్నది.”

“గొట్టం పెడితె పొదుపయితదా? గట్లయితె రైలింజను కంటె పొదుపైంది దునియాల లేదు.”

గోడకు ఇవతల నేను, అవతల మా యారాలు సోమలక్ష్మి. అంటే మా మరిది భార్య. ఆ పూట నేను నోరు మూసుకుని లోపలికి పోయి ఉంటే నా మర్యాద ఈరోజుకీ చెక్కు చెదరకుండా ఉండేది. పోలేదు. దాని ఫలితంగా వారం తిరక్కుండానే మా ఇంట్లో ఒక మంచం మాయమైంది, మా ఆయన నన్ను చూసి వణికే స్థితికి వచ్చాడు, ఊరందరి ముందు నా సంసారం మైకులో మోగింది. ఇదంతా పంచాయితీ ఎన్నికల్లో జరిగిందనుకునేరు. కాదు. బళ్లో సారు ఏడో తరగతి పిల్లలకు పరిశోధన పత్రం రాయడం నేర్పుతుంటే జరిగింది.

మా ఊరు పాలకుర్తికి నడిచిపోయేంత దూరం. ఎనభైల మొదటి ఏండ్ల మాట. నా పొదుపు గురించి రెండు ముక్కలు చెప్పాలి. అగ్గిపుల్ల గీయడం నాకు పాపం చేసినట్టుండేది. పక్కింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చుకుంటే పుల్ల మిగులుతుంది కదా. అలాంటి నా దగ్గరికి గ్రామసేవిక వచ్చి, పొగలేని పొయ్యి కట్టిస్తాం, గొట్టం ఖర్చు కొంత మీరు పెట్టుకోండి అంది. పొగ బయటికి పోవడానికి నేను డబ్బివ్వడమేమిటి? వద్దన్నాను. సోమలక్ష్మి కట్టించుకుంది. ఆ రోజు నుంచి గోడ మీద ఈ కొట్లాట.

ఆ పూట మా మాటలు దారిన పోతున్న కొత్త సారు చెవిన పడ్డాయి. మానుకోట నుంచి బదిలీ మీద వచ్చాడు. చిన్నవాడు. ఆగి, నవ్వుతూ అడిగాడు.

“అమ్మా, ఏ పొయ్యికి ఎన్ని కట్టెలు పడుతయో ఎన్నడన్న తూచినరా?”

“తూచుడెందుకు సారు? నాకు కండ్లు లేవా?”

“మీ కండ్లకు ఒకటి కనబడుతుంది, ఆమె కండ్లకు ఇంకోటి కనబడుతుంది. మా పిల్లలతోని తూపిద్దాం. ఏడో తరగతోళ్లు పరిశోధన పత్రం రాయాలె.”

“గదేంది?”

“పుస్తకంల లేనిదొకటి తెలుసుకుని, ఎట్ల తెలుసుకున్నమో రాసుడు.”

“పుస్తకంల లేకుంటె అది తప్పో ఒప్పో మీకెట్ల తెలుస్తది సారు?”

సారు నవ్వి బడి వైపు నడిచాడు. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. ఒక పంతులు నోరు మూయించానని ఆ పూటంతా కాలు నేల మీద ఆనలేదు.

ఆ ఏడో తరగతిలో మా బిడ్డ సుజాత ఉంది. మా ఊరి బడి ఏడుతో సరి. ఆ పైన చదవాలంటే పాలకుర్తి పోవాలి. మా ఆయన పంపనన్నాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ లొల్లికి బడులు మూతపడి మా పెద్దోడి చదువు ఒక ఏడు మూలన పడింది. అప్పటి నుంచి ఈయనకు బడి అంటే పంట రాని చెలక. సారు ఇంటికొచ్చి బతిమాలితే, “కాగితం మంచిగ రాయనీ, జూద్దాం” అన్నాడు. మా ఇంట్లో ‘జూద్దాం’ అంటే ‘వద్దు’ అని అర్థం. సుజాత మాత్రం దాన్ని ఒప్పుకోలు కింద పట్టుకుని కూర్చుంది.

నాకు పిల్లను పంపాలనే ఉండేది. పైకి చెప్పలేదంతే. ఇక్కడే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. కాగితం మంచిగా రావాలంటే అందులో ఎవరో ఒకరు గెలవాలి. కన్నబిడ్డ రాసే కాగితంలో తల్లి ఓడిపోయి యారాలు గెలిస్తే దాన్ని మంచి కాగితమని ఎవరైనా అంటారా? మీరే చెప్పండి.

సుజాతకు తోడు రూతు. మా వాడకు వెనుక చర్చి దగ్గరి పిల్ల. రోజూ పొద్దున ఇద్దరూ మా మిరపకాయల తక్కెడ పట్టుకుని రెండిళ్లలో కట్టెల మోపు తూచేవారు, సాయంత్రం మిగిలింది తూచేవారు. రెండిళ్లలో తినే నోళ్లు సమానం. సారు వాళ్లకు ఒక పద్ధతి నేర్పాడట. సుజాత అన్నం తింటూ కూడా అదే వల్లించేది.

“చూసింది వేరే రాయాలె, విన్నది వేరే రాయాలె, మనం అనుకున్నది వేరే రాయాలె. మూడు కలపొద్దు.”

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఆ మూడూ ఒకటే. నేను చెప్పిందే.

మొదటి రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని వండాను. సాయంత్రం తూకం కాగానే సుజాతను పక్కకు పిలిచాను.

“చిన్నమ్మ ఇంట్ల ఎన్ని కాలినయి?”

“చెప్పొద్దన్నడు సారు.”

“తల్లికి చెప్పొద్దన్నడా?”

“తల్లికే చెప్పొద్దన్నడు.”

సుజాత నోరు పెగల్లేదు గానీ రూతు జాలి గల పిల్ల. “పెద్దమ్మా, ఆడ పుల్ల గుడ కదల్లేదు” అంది.

పుల్ల కూడా కదలకుండా అంతమందికి వంట. గోడ మీదుగా తొంగి చూశాను. గొట్టంలోంచి పొగ పోగు కూడా లేదు. పేరే పొగలేని పొయ్యి కదా, పొగ ఎందుకుంటుంది అనుకున్నాను. పొగ లేకుండా మంట, మంటకు కట్టె అక్కర్లేని వంట. ప్రభుత్వం వాళ్లు ఎక్కడికో పోయారనుకున్నాను.

అక్కడి నుంచి నాకు పూనకం వచ్చింది. మరుసటి రోజు స్నానాలకు వేణ్ణీళ్లు బంద్. పుష్య మాసం. మా ఆయన బావి దగ్గర చెంబు పోసుకుని వేసిన కేక పాలకుర్తిలో వినబడి ఉంటుంది. ఆ తర్వాత వంట ఒక పూటకు దిగింది. కూర స్థానంలో పచ్చిపులుసు వచ్చింది. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, ఉప్పూ కారం కలిపితే అయిపోతుంది. పొయ్యి మొహం చూడనక్కర్లేదు.

“మల్ల పచ్చిపులుసేనా?” అన్నాడాయన, ఎన్నోసారో.

“ఎండలకు చలువ చేస్తది. తిను.”

“చలికాలం గదనే.”

“గట్లయితె ముందుగాల్నే చేస్తది.”

ఆయన కంచం ముందు అలాగే కూర్చున్నాడు, కోర్టులో శిక్ష విన్న మనిషిలా. అయినా సాయంత్రం తూకంలో సోమలక్ష్మి నన్ను ఓడిస్తూనే ఉంది. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. సారు కట్టెలు తూచమన్నాడు. పిడకలను కట్టెలని ఎవరంటారు? ఈత మట్టలను ఎవరంటారు? పిల్లలు బడికి పోగానే పిడకల మీద వండి, తూకం వేళకు బూడిద ఎత్తేసేదాన్ని. సుజాత పిడకల కుప్ప వైపు చూసి, “కుప్ప దిగినట్టున్నదమ్మా” అంది. ఎలుకలు పీక్కుపోతున్నాయని చెప్పాను. పిడకలు తినే ఎలుకలు. నేను కొంచెం కూడా తడబడలేదు.

ఆఖరి రోజు నా పని పట్టింది. ముందటి రాత్రి ముసురు పట్టి పిడకలు ముద్దయ్యాయి. పొద్దున్నే ఘనపూర్ నుంచి మా ఆడబిడ్డ, ఆమె పెనిమిటి దిగారు. ఆడబిడ్డకు పచ్చిపులుసు పోస్తే ఆ మాట నన్ను కాటి దాకా వెంటాడుతుంది. కోడిని కోయాల్సిందే. నాటుకోడి సంగతి మీకు తెలుసు. పిడికెడు మంటకు ఉడికే జాతి కాదు. కట్టెల మోపు ఎదురుగా ఉంది. ముట్టుకుంటే వారం రోజుల తపస్సు మంట కలుస్తుంది.

అప్పుడు కొట్టంలో మంచం కనబడింది. మా మామది. నులక తెగి, ఒక పక్కకు ఒరిగి, ఎన్నో ఏండ్లుగా అక్కడే ఉంది. మా ఆయన ప్రతి దసరాకూ “బాగు చేపిస్త” అంటాడు. నేను దాని ముందు నిలబడి న్యాయం ఆలోచించాను. కట్టెతో చేసినా మంచం మంచమే. కట్టెల మీద పడుకున్నామని బతికున్న వాడెవడూ చెప్పడు. గొడ్డలి తెచ్చాను. ఒక పట్టెతో నీళ్లు మరిగాయి. రెండో పట్టెతో కోడి ఉడికింది. నులకతో పులుసు దగ్గరపడింది. మా ఆడబిడ్డ రెండుసార్లు వడ్డించుకుంది.

సాయంత్రం మోపు తూచి పిల్లలిద్దరూ మొహాలు చూసుకున్నారు. పుల్ల తగ్గలేదు. నేను సోమలక్ష్మితో సమానమయ్యాను.

“అమ్మా, ఇయ్యాల అత్తమ్మకు కూర ఎట్ల వండినవ్?”

“చేతులతోని.”

సుజాత రాసుకుంది.

“ఏం రాసినవ్?”

“చేతులతోని అని.”

“ఏడ రాసినవ్?”

“విన్నది కింద.”

అప్పుడైనా నాకు అర్థం కావలసింది. కాలేదు. నా దృష్టి మరునాడు పొద్దున పిల్లలు బడిలో ఊరందరి ముందు కాగితం చదవబోయే సభ మీద ఉంది.

బడి ముందు జంపఖానాలు పరిచారు. ఊరంతా వచ్చింది. బడులు తనిఖీ చేసే ఆఫీసరు వచ్చాడు. గ్రామసేవిక తన పొయ్యి గెలుపు చూసుకోవడానికి ముందు వరసలో కూర్చుంది. నేను పెట్టెలోని చీర కట్టుకుని మా ఆయన పక్కన కూర్చున్నాను. వెనక సోమలక్ష్మి. సుజాత మైకు ముందుకొచ్చి, కాగితం గట్టిగా పట్టుకుని మొదలుపెట్టింది.

“మొదటి ఇల్లు మా అమ్మది. చూసినది: కట్టెలు రోజురోజుకూ తక్కువ కాలినవి. చూసినది: పిడకల కుప్ప రోజురోజుకూ తగ్గినది. విన్నది: పిడకలను ఎలుకలు తీసుకుపోయినవని అమ్మ చెప్పినది.”

జనం గొల్లుమన్నారు. ఇది నా బిడ్డేనా? నేను కన్నదేనా?

“చూసినది: బాపు చలిలో చన్నీళ్ల స్నానం చేసి వణికినాడు. విన్నది: పచ్చిపులుసు ఎండలకు మంచిదని అమ్మ చెప్పినది. చూసినది: కొట్టంలోని మంచానికి రెండు పట్టెలు లేవు. పొయ్యిలో నులక బూడిద ఉన్నది.”

మా ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు.

“మంచమా?”

నేను ఆఫీసరు చెప్పుల వైపు చూస్తున్నాను.

“మా నాయిన మంచమానే?”

వెనక సోమలక్ష్మి పడీ పడీ నవ్వుతోంది. ఆ నవ్వు ఎంతోసేపు సాగలేదు.

“రెండో ఇల్లు మా చిన్నమ్మది. చూసినది: కట్టెలు ఒక్క రోజూ కదలలేదు. చూసినది: కొత్త పొయ్యిలో కోడిపెట్ట గుడ్లను పొదుగుతున్నది. చూసినది: కూరగిన్నెలు చిన్నమ్మ కొంగు చాటున ఊళ్లోనే ఉన్న వాళ్ల తల్లిగారింటి నుంచి వచ్చినవి. విన్నది: కొత్త పొయ్యి మీద వంట చాలా తొందరగా అవుతుందని చిన్నమ్మ చెప్పినది.”

గ్రామసేవిక మొహంలో నెత్తురు చుక్క లేదు. నా మొహంలో అంతకు ముందే లేదు. వారం రోజులు నేను పోటీ పడింది ఒక కోడిపెట్టతో.

సుజాత కాగితం తిప్పింది.

“అనుకున్నది: ఏ పొయ్యి మంచిదో మాకు తెలియలేదు. రెండింటినీ వారం రోజులు పరిశోధించినాము. ఒకదాంట్లో కోడి ఉన్నది, ఇంకోదాంట్లో మంచం ఉన్నది. కట్టెలు ఎక్కడా లేవు.”

చదివి, కాగితం దించి నా వైపు చూసింది. దెబ్బకు సిద్ధపడ్డ మొహం. తల్లిని ఊరి ముందు నిలబెట్టాక పాలకుర్తి బడి ఎక్కడిదని ఆ కళ్లలోనే ఉంది. నేనే ఆ బడి తలుపు మూసేశాననిపించింది. సారు మైకు దగ్గరికి రాబోయాడు. అంతలో మా ఆయన లేచాడు. నేను కండువా పట్టి లాగాను. కూర్చోలేదు.

“సారు, గా పాలకుర్తి బడి ఎన్నడు తెరుస్తరు?”

“జూన్‌ల” అన్నాడు సారు, ఎందుకడిగాడో అర్థం కాక.

“నేను గా ఇంట్లనే తింటున్న, గా ఇంట్లనే పంటున్న. మా నాయిన మంచం పోయిందన్న ముచ్చట నాకు గీడికొస్తె తెలిసింది. గీ ఇంట్ల సూసెటోళ్లు ఒక్కరన్న ఉండాలె. పిల్ల పేరు రాసుకోండ్రి.”

ఆ సాయంత్రం గోడ దగ్గర సోమలక్ష్మి, నేను ఎదురుపడ్డాం.

“అక్కా, నిప్పుంటె ఇంత పెట్టు.”

“నా పొయ్యిల నిప్పేడిదే. మంచం ఆరిపోయింది.”

తర్వాత నేను మొదటిసారి కొత్త అగ్గిపెట్టె తెరిచి పుల్ల గీశాను, మా కట్టెల మోపులోంచి మంచి మొద్దు చూసి పెట్టాను, పప్పుకు ఎసరు పెట్టాను. ఆ మంట సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: బొందిలో ప్రాణముండగా ఇంకెవరి చదువుకూ సాయం చేయను. పొయ్యిలో పొయ్యికి తగిందే పెడతాను. పరిశోధన అన్న మాట వినబడితే కంచం తీసుకుని పెరట్లోకి పోతాను.

మరునాడు పొద్దున సుజాత, రూతు తక్కెడ పట్టుకుని మళ్లీ వచ్చారు. సారు మొదటి నుంచి తూచమన్నాడట. కట్టెలు తూచారు. పిడకలు తూచారు. ఈత మట్టలు తూచారు. తర్వాత కొట్టంలోకి పోయి, మంచానికి మిగిలిన పట్టెలు కూడా తూచి రాసుకున్నారు.