పిచర్‌కు దిష్టి తగలకుండా

ఆట ఉన్న ఆదివారాల్లో, చెరుకు పండే ఒక సముద్రదీవిలోని వియా ఎలేనా పట్నం కోడి కూతకు లేచేది కాదు, సిరీలో పనియాగ్వా అనే చాటింపుమనిషి గొంతుకు లేచేది. ఆయన పాత ట్రక్కు నెత్తిన కట్టిన లౌడ్‌స్పీకర్లు ముందు గరగరమని గొంతు సవరించుకొనేవి. ఆ తరువాత ఆయన సవరించుకొనేవాడు. తక్కిన రోజుల్లో చేపలు వచ్చాయనీ, ఫలానావారి అమ్మమ్మ కాలం చేసిందనీ, ఎవరిదో ఎర్రమేక తప్పిపోయిందనీ చాటే ఆ నోరే ఆదివారం ఊరికి అసలైన కబురు చెప్పేది. ఇవాళ బంతి ఎవరి చేతిలో ఉంది? ఎదుటివాడి చెయ్యి ఎటువంటిది, మనవాడి చెయ్యి ఎటువంటిది?

బేస్‌బాల్‌లో మైదానం నిండా మనుషులుంటారు. అయినా ఆట మొదలుకాకముందు జనం మాట్లాడుకొనేది ఇరుపక్షాల పిచర్లను గురించే. పెళ్ళికి ఊరంతా వచ్చినా చూపులు పీటల మీదనే నిలిచినట్టు, ఆ బంతి విసిరే ఇద్దరి మీదనే అందరి మనసూ ఉంటుంది.

"అమ్మలారా, అయ్యలారా," అని మొదలుపెట్టేవాడు సిరీలో. "ఇవాళ రాజధాని జట్టుకు బంతి వేసేది ఒస్వాల్దో ప్రెసినాల్. ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు, దేవుడు తీరిగ్గా కూర్చుని చెక్కిన చెయ్యి. ఆ బంతి కంటికి కనబడితే మీ అదృష్టం. ఇక మనోడి సంగతి. ఏం చెప్పమంటారు నా బాధ? వాడు విసిరితే ఉడికిన అరటికాయ కూడా నలగదు."

ఆ మాటకు వాకిళ్ళలో ఆడవాళ్ళు తృప్తిగా తల ఊపి, పక్కనున్న చెక్కను వేలితో తట్టి, మళ్ళీ పనిలో పడేవారు. ఎదుటివాణ్ణి ఆకాశానికెత్తడం, మనవాణ్ణి పాతాళానికి తొక్కడం అక్కడి రివాజు. నింద చాటున చేసే స్తుతికి మన ఆలంకారికులు వ్యాజస్తుతి అని పేరు పెట్టి, లక్షణం చెప్పి, ఉదాహరణ ఇచ్చి ఊరుకున్నారు. వారికి అది చమత్కారం. వియా ఎలేనా అమ్మలకు మాత్రం అది కాపుదల. ఆటకు ముందు పిచర్ చేతిని మెచ్చుకొంటే ఆ చేతికి దిష్టి తగులుతుంది. తిడితే దిష్టి సిగ్గుపడి తప్పుకొంటుంది. చెక్కను తడితే ఆ కాపుదలకు ముద్ర పడినట్టు.

సిరీలో ఈ నమ్మకాన్ని పుస్తకంలో చదువుకోలేదు. ఆయనకు ముందు ఊరికి చాటింపు వేసినవాడు ఫెర్మీన్ అనే మంచి మాటకారి. ఒక డిసెంబరులో ఆ ఫెర్మీన్ నోరు అదుపు తప్పి, ఊళ్ళోని చెరుకుమిల్లు కూలీల పేట మిల్లువాడలోనే పుట్టి పెరిగిన ఒక పిచర్‌ను 'ఇనుపచెయ్యి' అని మైకులో పొగిడాడు. ఆ సాయంత్రమే ఆ పిల్లవాడి భుజం జారిపోయింది. తరువాత అతడు మోటార్‌సైకిల్ మీద మనుషులను చేరవేస్తూ బతికాడు. ఫెర్మీన్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. కాని చేపలు వచ్చాయని చెప్పడానికైనా మళ్ళీ ఎవరూ ఆయనను పిలువలేదు.

అలా మైకు సిరీలో చేతికి వచ్చింది. అప్పటికి ఆయన మంచుగడ్డలు అమ్మేవాడు. చెరుకుతోటల నడుమ కూలీల వరుస ఇళ్ళలో పుట్టినవాడికి అది పెద్ద ఉద్యోగమే. ఎండ కరిగించేలోగా సరుకు అమ్ముడుపోవాలంటే గొంతు కాళ్ళకన్నా ముందు నడవాలి; అలా తయారైన గొంతు ఆయనది. ఆ గొంతు విని రోజూ గిన్నె పట్టుకొని బయటికి వచ్చే నెరైదాను పెళ్ళి చేసుకొన్నాడు. ఆమె ఇంట్లో అప్పటికే మంచు తయారుచేసే ఫ్రిజ్ ఉండేదన్న సంగతి పెళ్ళయ్యాకగాని ఆయనకు తెలియలేదు. ఇటువంటి విషయాల్లో ఆడవారి ముందుచూపును గురించి చెప్పవలసింది చాలా ఉంది కాని, మనం ఆ ఆదివారం దగ్గరికి రావాలి.

ఆ ఆదివారం గెలిస్తే ఊరి జట్టు రెండో దశకు వెళుతుంది. ఓడితే ఆ ఏటికి ఆట ముగిసినట్టే. తక్కిన పిచర్లందరూ వారమంతా విసిరి విసిరి చేతులు అరగదీసుకొన్నారు. మిగిలినవాడు దెల్విన్ కస్సియానీ ఒక్కడే. కొలంబియాలోని కార్తహేనా నుంచి ఆ వారమే దిగిన కుర్రవాడు. అతడు ప్రాక్టీసులో బంతులు వేస్తుండగా సిరీలో కంచె పట్టుకొని చూశాడు. చూసి, ఇంటికి వెళ్ళి, అన్నం సరిగా తినలేదు.

"ఏమైంది?" అని అడిగింది నెరైదా.

"ఏం లేదు. ఈసారి బాగా తిట్టాలి," అన్నాడాయన.

భయం ఎంతో తిట్టు అంత. తన జీవితంలోకెల్లా గొప్ప తిట్టును రెండు రోజులు ఆలోచించి తయారుచేసుకొన్నాడు. ఆదివారం పొద్దున్నే ట్రక్కును తీసుకువెళ్ళి దెల్విన్ బస చేసిన ఇంటి కిటికీ కిందనే ఆపాడు. ఆ తప్పు ప్రేమకొద్దీ చేసినదే. మందు నొప్పి ఉన్నచోటే రాయాలి కదా అనుకొన్నాడు.

"ఇవాళ మనకు బంతి వేసేది దెల్విన్ కస్సియానీ అట. సముద్రం దాటి వచ్చాడు. ఎందుకొచ్చాడో ఆ సముద్రానికే తెలియాలి. అది చెయ్యా, తడిసిన తువ్వాలా? వాడి వంపు బంతి వంగదు, సిగ్గుతో తల దించుకుంటుంది. ఇంటికి పోయి చేపలమ్ముకోక నీకీ తంటా ఎందుకు నాయనా?"

వీధి వీధంతా మురిసిపోయింది. సిరీలో ఇంకా రెండు సందులు తిరిగాడో లేదో, ఆ ఇంటి యజమానురాలు మిరెయా జుట్టుకు చుట్టిన రోలర్లతోనే ట్రక్కు వెంట పరుగెత్తుకొంటూ వచ్చింది.

"బాబాయ్, ఆపు. ఆ పిల్లాడు పెట్టె సర్దుతున్నాడు."

"ఎందుకు?"

"ఎందుకంటావేంటి? ఊరంతా అసహ్యించుకునే చోట ఉండనంటున్నాడు. విమానమెక్కుతాడట. వాళ్ళ ఊళ్ళో ఇలాంటి రివాజు లేదు బాబాయ్. ఉన్నదున్నట్టు నమ్మేశాడు."

సిరీలో ట్రక్కును వెనక్కి తిప్పాడు. దిష్టి నుంచి కాపాడబోయి పిచర్‌నే ఊరు దాటిస్తున్నాడు.

ఆయన వెళ్ళేసరికి దెల్విన్ మంచం మీద కూర్చొని చొక్కాలు మడతపెడుతున్నాడు. పొడుగైన మనిషి, ముఖం చూస్తే మాత్రం ఇంకా పసితనం పోలేదు.

"రండి పెద్దాయనా. మీరు చెప్పినట్టే పోతున్నాను, చేపలమ్ముకోడానికి. మా నాన్న చేపలే అమ్ముతాడు. ఆ సంగతి మీకెవరు చెప్పారో గాని."

"ఒట్టు నాయనా, నాకు తెలీదు. ఈ సముద్రం పక్కన ఎవరి నాన్నయినా చేపలో చెరుకో అమ్మేవాడే."

"పోయినేడు ఉత్తరాన ఆ పెద్ద దేశంలో ఒక జట్టువాళ్ళు కుర్చీ వేసి కూర్చోబెట్టి మర్యాదగా చెప్పారు, నీ చేతిలో సత్తువ లేదని. మీరు మర్యాద లేకుండా చెప్పారు. అంతే తేడా."

సిరీలో మంచం చివర కూర్చొని, ఫెర్మీన్ సంగతి, జారిన భుజం సంగతి, దిష్టి సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. వీధిలో మోగే గొంతు ఆ గదిలో చాలా చిన్నదైపోయింది.

"తిట్టామంటే నీ చేతికి కాపలా పెట్టామని అర్థం."

"మా ఊళ్ళో మంచివాణ్ణి మంచివాడనే అంటారు," అన్నాడు దెల్విన్. "సరే, మీ మాట నిజమే అనుకుందాం. ఒక్కసారి ఆ మైకులో నన్ను మెచ్చుకోండి. ఒక్క ముక్క చాలు. పెట్టె విప్పేస్తాను."

గుమ్మంలో నిలుచున్న మిరెయా గుండెల మీద శిలువ గుర్తు వేసుకొంది. "అంత పని చెయ్యకు బాబాయ్. చేశావంటే మళ్ళీ ఈ వీధి మొహం చూడకు."

అబద్ధపు పొగడ్త అయితే సిరీలో నోట ఎప్పుడో వచ్చేసేది. దానికి దిష్టి తగలదు. ఈ కుర్రవాణ్ణి గురించి చెప్పబోయేది నిజం కావడమే ఆయన కష్టం.

"నావల్ల కాదు. నువ్వు పోతే ఒక ఆట పోతుంది. నేను పొగిడితే నీ చెయ్యి పోతుంది. ఆటే పోనీ." లేచి పెట్టె అందుకొన్నాడు. "పద, విమానాశ్రయానికి నేనే దింపుతాను. మిల్లువాడ మీదుగా పోదాం. దారి కొంచెం చుట్టు. నేనడిగేది అంతే."

మిల్లువాడలో ప్రయాణం మొదట ఏమీ బాగా సాగలేదు. కొట్టు ముందు డామినోలాడుతున్నవాళ్ళు ట్రక్కును గుర్తుపట్టారు.

"బాబాయ్, ఈ ఎండుపుల్లనేనా మనకంటగట్టింది?" అని అరిచాడు ఒకడు.

"పుల్ల నయంరా, పొయ్యిలోకైనా పనికొస్తుంది," అన్నాడు ఇంకొకడు.

దెల్విన్ సీటులో కుంచించుకుపోయాడు. మలుపు దగ్గర ఒక ముసలావిడ ట్రక్కును ఆపి, అడుగంటిన అన్నపు చెక్కలను పళ్ళెంలో పెట్టి, కిటికీలోంచి అతడి ఒళ్ళోకి తోసింది. "తిను. తిన్నా నీకు బలం రాదనుకో. అయినా తిను," అని గద్దించింది. తనను ఇంత తిట్టే ఊరు తనకు తిండి ఎందుకు పెడుతున్నదో తెలియక, దెల్విన్ ఆ చెక్కలు కరకరా నమలసాగాడు.

ఆ ముసలావిడ పక్కన ఆమె మనవరాలు చంటిబిడ్డను ఎత్తుకొని నిలుచుంది. తిండి పెట్టినవారిని పలకరించడం మర్యాద కనుక దెల్విన్ ఆ బిడ్డను చూసి నవ్వాడు.

"ఎంత చక్కగా ఉన్నాడమ్మా. ఆ కళ్ళు చూడండి, ఎంత పెద్దవో."

తల్లి చటుక్కున బిడ్డ ముఖాన తువ్వాలు కప్పి, మణికట్టుకు కట్టిన నల్లపూస ఉందో లేదో తడిమి చూసుకొంది. ముసలావిడ కిటికీలోంచి దెల్విన్ మోచెయ్యి పట్టుకొంది.

"దేవుడు చల్లగా చూడాలి అను. అను నాయనా, ముందనేసెయ్."

"దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు దెల్విన్ తడబడుతూ.

అప్పుడు తల్లి ఊపిరి పీల్చుకొని తువ్వాలు తీసింది. "చక్కదనమా, పాడా," అంది బిడ్డతో. "కోతి మొహం వీడిది. ఈ ముక్కు చూడండి, బండి తొక్కిన చెప్పులాగ." అంటూ ఆ ముక్కు మీద ముద్దు పెట్టింది. మళ్ళీ తిట్టింది, మళ్ళీ పెట్టింది. బిడ్డ కిలకిలమని నవ్వాడు.

దెల్విన్ నమలడం మానేశాడు. ఆ తల్లినే చూస్తూ ఉండిపోయాడు. సిరీలో ట్రక్కు కదపలేదు. కొన్ని సందర్భాల్లో వివరించేవాడు నోరు మూసుకోవడమే ఉత్తమ వ్యాఖ్యానం.

"బండి తొక్కిన చెప్పు," అన్నాడు దెల్విన్, తనలో తాను అనుకొంటున్నట్టు.

"ఊఁ," అన్నాడు సిరీలో.

"నన్ను ప్రాక్టీసులో చూశారా మీరు?"

"చూశాను."

"ఏం చూశారు?"

సిరీలో స్టీరింగును గట్టిగా పట్టుకొని ఎదురుగా రోడ్డును చూస్తూ కూర్చొన్నాడు. "అడక్కు నాయనా. ఇవాళ అడక్కు."

ఆ కుర్రవాడికి అది చాలింది. పళ్ళెం ముసలావిడకు తిరిగి ఇచ్చి, వేళ్ళు తుడుచుకొని, మైకు అందుకొన్నాడు. మీట ఎక్కడుందో సిరీలో చూపించాడు.

"అమ్మలారా, అయ్యలారా," అన్నాయి లౌడ్‌స్పీకర్లు కార్తహేనా యాసలో. "ఈ దెల్విన్ కస్సియానీని చిన్నప్పట్నించీ నేనెరుగుదును. వీడంత పనికిమాలినవాడు మా ఊళ్ళోనే లేడు. వీడు బంతి విసిరాక బ్యాటర్ ఇంటికెళ్ళి, కాఫీ తాగి, పెళ్ళాంతో పోట్లాడి తిరిగొచ్చినా బంతి ఇంకా దార్లోనే ఉంటుంది. వీణ్ణి నమ్ముకుని సాయంత్రం ఎవరూ మైదానానికి రాకండి."

ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చారు. డామినోలాడేవాళ్ళు బల్ల మీద అరచేతులతో దబదబ బాదారు. "వీడు మనోడేరా," అన్నాడు ఇందాక ఎండుపుల్ల అన్నవాడు. సిరీలో ఏమీ అడగకుండా బండిని మైదానం వైపు తిప్పాడు. దెల్విన్ కూడా ఎటు పోతున్నామని అడగలేదు.

మొదటి ఇన్నింగ్స్‌లో దెల్విన్‌కు కాళ్ళు కుదురుకోలేదు. రాజధాని జట్టుకు ఒక పరుగు వచ్చింది. సిరీలో కూర్చొన్న వరుసలో అందరూ హాయిగా ఊపిరి వదిలారు. "పోనీలే, ఉన్న కాస్త దిష్టీ దాంతో పోయింది," అంది నెరైదా. ఆ తరువాత ఆ చెయ్యి పట్టు దొరకబుచ్చుకొంది. బ్యాటర్లు ఒకరి వెనుక ఒకరు వచ్చి, గాలిని కొట్టి, నోరు వెళ్ళబెట్టి వెళ్ళసాగారు. మనవాళ్ళు రెండు పరుగులు తీసి పైచేయి సాధించారు. ఆట సగం దాటాక వెనుక వరుసలో ఎవరో అతిథి "కుర్రాడు భలేగా..." అని మొదలుపెట్టబోతే, చుట్టూ ఉన్నవాళ్ళు అతడి నోరు చేతులతోనే మూశారు.

ఏడో ఇన్నింగ్స్ ముగియగానే కోచ్ పిచర్ నిలబడే మట్టిదిబ్బ దగ్గరికి నడిచి వెళ్ళి దెల్విన్ భుజం తట్టి, బంతి తీసుకొన్నాడు. అతడి పని ఆనాటికి అయిపోయింది. బంతి దిగిపోయిన చేతికి దిష్టి లేదని అక్కడ అందరికీ తెలుసు.

సిరీలో బెంచీ మీదికెక్కాడు. చేతిలో మైకు లేదు; అక్కర కూడా లేకపోయింది.

"ఒరే నాయనా, పొద్దున అడిగావే, ఇప్పుడు చెప్తాను విను. ఆ కంచె పట్టుకుని నేను చూసింది ఇదీ. నీ బంతి బ్యాటర్ దాకా తిన్నగా వచ్చి, చివర్లో మనసు మార్చుకుని కిందికి దిగిపోతోంది. నా వయసులో అలాంటిది చూడలేదు. ఆ పూట అన్నం సహించలేదు నాకు, దీనికేమైనా అయితే ఎలాగా అని. ఆ చెయ్యి బంగారం నాయనా. మీ నాన్న అమ్మే చేపలన్నీ ఒకెత్తు, ఆ చెయ్యి ఒకెత్తు. దేవుడు చల్లగా చూడాలి."

జట్టువాళ్ళు కూర్చొనే పల్లపు గదిలోకి మెట్లు దిగబోతున్న దెల్విన్ ఆగి, టోపీ తీసి, గుండెల మీద పెట్టుకొన్నాడు. జనం లేచి నిలబడ్డారు. వారమంతా దాచుకొన్న మెప్పు ఒక్కసారిగా ఆ మెట్ల మీద కురిసింది.

నెరైదా భర్త చొక్కా పట్టి లాగింది. "ఇక దిగు. అటు చూడు, ఇంకోడు వస్తున్నాడు."

ఆట ఇంకా మిగిలే ఉంది. కొత్త పిచర్ మట్టిదిబ్బ వైపు పరుగున వస్తున్నాడు. సిరీలో గబగబా బెంచీ దిగి, కళ్ళు తుడుచుకొని, గొంతు సవరించుకొన్నాడు.

"వీణ్ణెవడు పంపించాడయ్యా," అన్నాడు చుట్టుపక్కల అందరికీ వినబడేలా, "కోడిపిల్ల కూడా వీడికన్నా దూరం విసురుతుంది కదా."

వరుసంతా బెంచీల చెక్కలను వేళ్ళతో తట్టింది.