కారు కిటికీలోంచి మలీద

రెండు రాత్రులు, మూడు పగళ్ళు తొక్కే సైకిల్ పోటీ అది. వెనకాల కారు ఉండాలి. తిండి, నీళ్ళు ఆ కారులోంచే అందుకోవాలి. కారులో ఉన్న మనిషి దిగమంటే దిగిపోవాలి. దరఖాస్తులో ఆ మనిషి పేరు రాయడానికి ఒక గడి ఉంది. పది నెలలు పొద్దున్నే చందానగర్‌లో అద్దె ఇంటి నుంచి నార్సింగి దాకా తొక్కి, తిరిగొచ్చి ఆఫీసుకు వెళ్ళిన నేను ఆ గడి దగ్గర ఆగిపోయాను.

ఆఫీసులో అడిగితే ఎవరో ఒకరు వచ్చేవారే. కానీ సాయం అడగడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. తాత భూములు అమ్మాడు, నాన్న ఇల్లు అమ్మాడు, ఇద్దరూ ఎవరి ముందూ నడుము వంచకుండానే పోయారు. మావాళ్ళు పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. నేను సాధించింది ఒకటైనా ఉండాలనుకున్నాను.

చివరికి నార్సింగిలో క్యాబ్ నడిపే ఒకతనికి ఫోన్ చేశాను. నా ఈడువాడే. వాళ్ళ నాన్న మా పొలాల్లో జీతగాడిగా ఉండేవాడు. అతన్ని అడిగినట్టు నాకు అనిపించలేదు, చెప్పినట్టే అనిపించింది. కిరాయి వద్దన్నాడు. "మంచిగ తొక్కు పటేలా, ఊరి పేరు నిలబెట్టు" అని నవ్వాడు.

పోటీకి ముందు ఒక ఆదివారం ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు మీద సాధనకు బయలుదేరాం. తన బావమరిదికి స్టీరింగు ఇచ్చి అతను ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎండ ముదిరాక కారు నా పక్కకు వచ్చింది. కిటికీలోంచి చేయి చాచాడు. రొట్టె నలిపి, బెల్లం కలిపి వాళ్ళావిడ కట్టిన మలీద ముద్ద.

"పట్టు పటేలా, గట్లనే తొక్కుకుంట తిను."

"డబ్బాలో ఉంచు. ఆగి తింటాను."

"రేపు పోటీల గూడ ఆగుతవా? అందరు పోయినంక లేస్తవా ఏంది?"

ఆకలి లేదన్నాను. గంటకోసారి ఆ చేయి వచ్చింది, గంటకోసారి ఏదో ఒకటి చెప్పాను. మూడోసారి అతను నవ్వలేదు.

కొల్లూరు దగ్గర కళ్ళు తిరిగాయి, ముందు చక్రం గడ్డిలోకి దిగింది, పడ్డాను. అతనే చంకల కింద చేతులు వేసి లేపాడు.

"ఇగ చాలు, కారెక్కు. మా నాయినకు మీ ఇంట్ల అన్నం పైకెల్లి ఏస్తుండిరి, చెయ్యి తాకకుండ. నువ్వు సదువుకున్నోనివి, నీ తాన గా ముచ్చట లేదనుకున్న."

అలాంటిదేమీ లేదని అనాలి. కారెక్కి కూర్చున్నాను. ఆ చేయి దగ్గరకు వచ్చిన ప్రతిసారీ నా మెడ వెనక్కు పోవడం నాకు తెలుస్తూనే ఉంది.

నార్సింగిలో కారు ఆపి, "మాటిచ్చిన, వస్త. కానీ నా చేతులకెల్లి తింటనని చెప్పు. తినకుంటే రోడ్డు మీద పడి సస్తవ్. గా పాపం నాకొద్దు" అన్నాడు.

ఫోన్ చేస్తానన్నాను. మూడు రోజులు ఫోన్ తీశాను, పెట్టేశాను. నాలుగో రోజు ఆఫీసులో కూర్చుని, మోకాలు దెబ్బతిన్నదని, పోటీ నుంచి తప్పుకుంటున్నానని నిర్వాహకులకు రాశాను. మోకాలికి ఏమీ కాలేదు. తప్పుకున్న సంగతి అతనికి మాత్రం చెప్పలేదు.

పోటీ రోజు పొద్దున్నే అతను మా వీధి చివర కారు ఆపి ఫోన్ చేశాడు. అది ఆగేదాకా మోగనిచ్చాను.